కడిగిన చేతులు, లవంగం వాసన

ఆసుపత్రి వెనకవైపు, రంగు వెలిసిన తలుపున్న గదిలో పొద్దస్తమానం ఒకటే మాట వినబడుతుంది. "ఇంకొక్కటి." రెండు ఇనప గొట్టాల మధ్య నిలబడి చెమటలు కక్కుతున్న మనిషి "ఇక నావల్ల కాదు తల్లీ" అంటాడు. "ఇంకొక్కటి వెయ్యండి, ఆ తర్వాత నన్ను తీరిగ్గా తిట్టుకోండి" అంటుంది అక్క. పళ్ళు కొరుక్కుంటూ అడుగు వేస్తాడు. "అబ్బో, బాగా వేశారే! మరి ఇంకొక్కటి" అంటుంది. ఆ గదికి వచ్చేవాళ్ళంతా కలిసి ఆమెకు ఇంకొక్కటక్క అని పేరు పెట్టేశారు. కోపమొచ్చినవాళ్ళూ అదే పేరు, ప్రేమొచ్చినవాళ్ళూ అదే పేరు. ఎవరెలా పిలిచినా ఆమె పలుకుతుంది.

డాక్టరుగారు ఎక్సరే దీపానికి అడ్డం పెట్టి చూసి "అతుక్కుంది, కట్టు తీసెయ్యండి" అంటారు. మనిషి మొహం వెలిగిపోతుంది. కట్టు తీయగానే లేచి నడిచి ఇంటికి పోవచ్చనుకుంటాడు పాపం. లేవబోయి గొట్టం పట్టుకుని వేలాడతాడు. అప్పుడు ప్రతివాడూ ఒక్కలాగే గొంతు పెంచుతాడు. "అతుక్కుందన్నారుగా! అబద్ధమా?"

"అబద్ధం ఎందుకవుతుందండీ? అతుక్కుంది. డాక్టరుగారి మాట మాటే. ఇక నడక సంగతి మనం చూసుకోవాలి."

ఈ మాట ఆమె ఏ చదువులోనూ నేర్చుకోలేదు, తన ఎడమకాలి దగ్గరే నేర్చుకుంది. ఆ కాలు కుడికాలికన్నా కాస్త పొట్టి. నడుస్తుంటే మనిషి ఒక పక్కకు ఒరిగి లేస్తుంది. గదికి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ కాలు చూసి నోరు మూసుకుని అడుగు వేస్తారు.

ఆ కాలు విరగ్గొట్టింది ఎవరో పరాయివాడు కాదు, తోడబుట్టిన తమ్ముడే.

అమ్మ పోయేనాటికి వాడికి ఇంకా సరిగ్గా మాటలు రాలేదు. అక్క చంకనెత్తుకుని తిప్పింది, ముక్కు తుడిచింది, బడికి ఈడ్చుకెళ్ళింది. ఇంట్లో వాడి పేరు చిన్నోడు. మీసాలొచ్చినా చిన్నోడే. చేతిలో పని ఉంది వాడికి. ఆగిపోయిన ఇంజను మీద చెవి పెట్టి, జబ్బేమిటో చెప్పగలడు. సాయంత్రమైతే మాత్రం ఆ చేతులు గ్లాసు కోసం వెతుక్కునేవి. అలాంటి ఒక సాయంత్రం అక్కను పని దగ్గర్నుంచి ఇంటికి తీసుకొస్తూ, మలుపులో మోటారుసైకిలు పడేశాడు. బండి మొత్తం వచ్చి అక్క కాలు మీద పడింది. వాడికి మోచెయ్యి గీరుకుపోయింది, అంతే.

"ఒరే చిన్నోడా, బండి ఎత్తరా" అంది అక్క.

వాడు ఎత్తలేదు. నిలబడి చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ తర్వాత వెనక్కి తిరిగి పరిగెత్తాడు. దారినపోయే కూరగాయలావిడ బుట్ట దింపి, ఇంకొకరిని కేకేసి ఆ బండి ఎత్తించింది. విరిగిన నొప్పి ఎన్నాళ్ళుంటుందండీ, అది పోయింది. ఆ పరుగు చప్పుడు మాత్రం అక్క చెవిలో ఉండిపోయింది. నిద్రలోనూ అదే వినబడేది. పెంచిన చేతుల్ని వదిలేసి పోతున్న చెప్పుల చప్పుడు అది.

ఆసుపత్రిలో పడుకున్నన్నాళ్ళూ వేణ్ణీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది సంఘం పాస్టరుగారు. మెత్తటి మనిషి. గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడతారు. కొన్ని నెలలు పోయాక చిన్నోడిని ఎక్కడినుంచో వెతికి పట్టుకొచ్చింది కూడా ఆయనే. ఇది మర్చిపోకూడదు. కోపంలో చాలామంది ఇలాంటివే మొదట మర్చిపోతారు.

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఒకరు ఒకరికి పెద్ద అన్యాయం చేసి పశ్చాత్తాపపడితే, అన్యాయం జరిగినవాళ్ళు అందరిముందూ ఒక చెంబు తీసుకుని వాళ్ళ చేతులమీద నీళ్ళు పోస్తారు. "నీకూ నాకూ మధ్య ఏమీ లేదు" అంటారు. ఆ మాటతో ఆ సంగతి చచ్చినట్టే. మళ్ళీ ఎవరైనా దాన్ని తవ్వితే, తవ్వినవాళ్ళనే వెనక బెంచీలో కూర్చోబెడతారు. వాళ్ళు నోరెత్తకూడదు, పాట కూడా పాడకూడదు.

ఈ పద్ధతి పెట్టిన పెద్దయ్యగారు, అంటే ఇప్పటి పాస్టరుగారికి ముందున్నాయన, దీనికి రెండో సగం కూడా పెట్టారు. చేతులు కడిగించుకున్నవాడు ప్రతి శనివారం హాలుకు రావాలి. బెంచీలు తుడుస్తుంటే ఇద్దరు పెద్దలు పక్కన కూర్చుని "ఈ వారం ఎలా నడిచావు?" అని అడుగుతారు. దాచకుండా చెప్పాలి. ఇన్ని శనివారాలని లేదు, బతికున్నంతకాలం రావాలి. "నీతిమంతుడని తీర్చడం దేవుడు ఒక్క మాటతో చేస్తాడు. అందులో నీ చెయ్యేమీ లేదు, ఉండక్కర్లేదు" అనేవారు పెద్దయ్యగారు. "పరిశుద్ధపరచడం కూడా ఆయన పనే. అది మాత్రం రోజూ చేస్తాడు, నిన్ను పక్కన నిలబెట్టుకుని, నీ చేత కూడా చేయిస్తూ చేస్తాడు. మొదటిది అయిపోయిందిగదా అని రెండోది మానేస్తే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంటుంది. రెండోదాంతో మొదటిది సంపాదించుకుందామనుకుంటే జన్మంతా ఏడుస్తూ కూర్చుంటావు."

పెద్దయ్యగారు పోయారు. కొత్త పాస్టరుగారికి శనివారాలు నచ్చలేదు. "కడిగిన చేతిని మళ్ళీ వాసన చూస్తారా? దేవుడి తీర్పు మీద మనకు అనుమానమా?" అన్నారు. ఎంత కమ్మగా ఉందో చూడండి ఆ మాట! అడిగించుకునేవాళ్ళకు హాయి, అడిగేవాళ్ళకు శనివారం సెలవు. ఒక్కరూ కాదనలేదు. అక్క కూడా అనలేదు. అప్పటికి ఆమె గొట్టాల మధ్య తన నడక తను నేర్చుకుంటోంది.

అదిగో, అలాంటి రోజుల్లో చిన్నోడు ఆమె ముందు మోకరించి చేతులు చాపాడు. అక్క ఊతకర్ర పక్కన పెట్టి, పక్కావిడ భుజం పట్టుకుని నిలబడి నీళ్ళు పోసింది. "నీకూ నాకూ మధ్య ఏమీ లేదురా" అంది. నోటితో అన్నది మనసులో కూడా అంది. ఆ రాత్రి ఆమె చెవిలో చెప్పుల చప్పుడు వినబడలేదు.

ఆ తర్వాత చిన్నోడి సాక్ష్యం మొదలైంది. వాడికి మాట ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. "ఆ రోజు నా చేతులమీద నీళ్ళు పడ్డాయి. ఆ క్షణమే నా దాహం చచ్చిపోయింది!" అని హాల్లో నిలబడి చెప్తుంటే ఆడవాళ్ళు ముక్కులు చీదుకునేవాళ్ళు. వేరే సంఘాలవాళ్ళు కూడా పిలిచేవాళ్ళు. పాస్టరుగారు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవారు. సాక్ష్యం తమ్ముడనేది వాడి కొత్త పేరు. అక్క వాడి చొక్కాలకు ఇస్త్రీ చేసి ఇచ్చేది. గర్వం ఉండదా మరి? ఉంటుంది.

సంఘం నడిపే బడికి వ్యాను కొన్నప్పుడు డ్రైవరు ఎవరన్న మాట వచ్చింది. వాడైతే బాగుంటుందన్నారు పాస్టరుగారు. ఒకరిద్దరు తల్లులు నసిగారు. అక్క లేచి నిలబడింది. "వాడి బండి కింద పడ్డదాన్ని నేను. నేనే ఎక్కిస్తున్నాను నా మనవరాల్ని. వాడికి పూచీ నాది" అంది. ఇక మాట్లాడేదేముంది? తాళంచెవి వాడి చేతికి వచ్చింది.

ఆ మనవరాలు అక్క కూతురి కూతురు. కూతురు తెల్లవారకముందే పనికి పోతుంది కాబట్టి పిల్ల అమ్మమ్మ దగ్గరే పెరుగుతోంది. దాన్ని పిడుగు అంటారు. ఊరికే అనరు.

ఒకరోజు పిడుగు బడినుంచి వచ్చి నాలుక బయటపెట్టి విసురుకుంటూ కూర్చుంది.

"ఏం తిన్నావే?"

"మంట మొగ్గ. చిన్న తాతయ్య ఇచ్చాడు. జేబునిండా ఉన్నాయి అమ్మమ్మా. ఇస్తే, వ్యాను గేటుకి ముద్దు పెట్టిందని ఎవరికీ చెప్పకూడదంట."

అక్క పిల్ల నోరు వాసన చూసింది. లవంగం.

పిల్లకు అన్నం పెట్టబోతున్న పళ్ళెం పక్కన పెట్టేసింది. లవంగం వాసనతో ఆమెకు పాత పరిచయం. మునుపు చిన్నోడు ఇంటికి వచ్చేముందు వీధి చివర నిలబడి నోట్లో వేసుకునేది అదే. దాని వెనక ఏముంటుందో వెతకడం ఆమె ముక్కుకు అప్పట్లోనే అలవాటైంది. అయినా మనసు ఒప్పుకోదుగా! పంటినొప్పేమో, దగ్గేమో అనుకుంది. సాయంత్రం వాడు వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే ఎదురుగా నిలబడి అడిగింది.

"పంటినొప్పి అక్కా. గేటుదంటావా, బ్రేకు కాస్త గట్టిగా ఉంది."

"గుండెమీద చెయ్యేసుకుని చెప్పు."

వాడు చెయ్యి వేసుకున్నాడు. దేవుడి తోడన్నాడు. కళ్ళల్లోకి చూశాడు కూడా. వాడు వెళ్ళాక గుమ్మం దగ్గర గాలి లవంగం వాసన కొట్టింది. దాని కింద రెండోది కూడా ఉంది.

మర్నాడు పని అవగానే అక్క పాస్టరుగారింటికి వెళ్ళింది. ఆయన ముందుగది చిన్నది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడనిండా ఫోటోలు ఉన్నాయి. సగం ఫోటోల్లో ఆయన పక్కన చిన్నోడే నవ్వుతున్నాడు. కాలు నొప్పిగా ఉన్నా ఆమె కూర్చోలేదు.

"అయ్యగారూ, మావాడు మళ్ళీ తాగుతున్నాడు. పిల్లల్ని కూర్చోబెట్టుకుని నడుపుతున్నాడు. తాళంచెవి తీసేసుకోండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, మీరే నీళ్ళు పోశారు."

"పోశానండీ."

"మరి మళ్ళీ ఆ సంగతి తవ్వుతున్నారేమిటి? దేవుడు నీతిమంతుడని తీర్చినవాణ్ణి మనం నిందించవచ్చా?"

"నేను పాతది తవ్వడంలేదండీ. కాలు సంగతి నేను ఎత్తానా? నిన్నటి సంగతి చెప్తున్నాను. ఇవాళ పొద్దున్నది చెప్తున్నాను."

"విశ్వాసంలో బలహీనులు ఉంటారమ్మా. వాడి సాక్ష్యం విని ఎంతమంది మారారో మీకు తెలుసు. ఇప్పుడిది బయటికొస్తే వాళ్ళందరూ ఏమవుతారు? నేను వాడికి కూడా అదే చెప్పాను. నువ్వు పడిపోయానని చెప్పుకోకు, నీకు దేవుడిచ్చిన నీతిని గట్టిగా పట్టుకో, అదే సర్దుకుంటుంది అని..."

ఆయన ఆగిపోయారు. అప్పటికే మాట నోరు దాటింది.

"వాడికి చెప్పారా?" అంది అక్క. "అంటే మీకు తెలుసా?"

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. "వాడే వచ్చి చెప్పుకున్నాడు. ఏడ్చాడు. చేతనైనంత ధైర్యం చెప్పాను."

"ఎప్పుడు?"

"ఎండాకాలంలో."

ఇప్పుడు వానలు పడుతున్నాయి. ఎండాకాలం నుంచి, బడి ఉన్న ప్రతిరోజూ పొద్దున్నే, అమ్మమ్మ జడ వేసి పంపిన పిల్లను ఆ వ్యాను ఎక్కించుకుపోయింది. ఈయనకు తెలిసే ఇదంతా జరిగింది. ఆదివారం ఆదివారం పిడుగు తలమీద చెయ్యిపెట్టి దీవించింది కూడా ఈ చెయ్యే. వేణ్ణీళ్ళు తెచ్చిన చెయ్యీ ఇదే! అక్క ఒక చేత్తో బల్ల పట్టుకుంది.

"మిమ్మల్ని నమ్మానండీ" అంది. వెనక్కి తిరిగి బయటికి వచ్చేసింది. తిట్టడానికి మాటలు తర్వాత దారిలో దొరికాయి, ఒకటి కాదు బోలెడు. అప్పుడు వినడానికి ఎవరూ లేరు.

ఆ సాయంత్రం తిన్నగా చిన్నోడు ఉండే గదికి వెళ్ళింది. "పాస్టరుగారు చెప్పారు" అంది, అంతే. వాడు మంచంమీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"రెండుసార్లు చెప్పానక్కా ఆయనకి! తాళంచెవి ఆయన బల్లమీద పెట్టాను. నావల్ల కావటంలేదు, ఎవరైనా రోజూ నన్ను అడగండి, పట్టుకోండి అని బతిమాలాను. ఆయన తాళంచెవి మళ్ళీ నా జేబులో పెట్టాడు. నువ్వు నీతిమంతుడివి, ఇంకా ఈ భయమేంటి అన్నాడు. నీతిమంతుడినైతే నాకింకా దాహమెందుకేస్తోంది? అంటే ఆ నీళ్ళు నాకు పనిచెయ్యలేదా? నేనే ఉత్తుత్తిగా ఏడ్చానా ఆ రోజు?"

"నీళ్ళు పనిచేశాయిరా" అంది అక్క. కోపంలో కూడా ఆమెకు ఇది అబద్ధంగా చెప్పబుద్ధి కాలేదు. "నేను పోశాను, నాకు తెలుసు. ఆ తీర్పు తీర్పే. నీ కాలు అతుక్కుంది. నిన్ను గొట్టాల మధ్య నిలబెట్టి నడిపించాల్సినవాళ్ళే లేచి ఇంటికి పోయారు. నన్నెందుకు అడగలేదురా? నేనుండగా?"

"నీ మొహం చూసి ఎలా చెప్పనక్కా?"

"దేవుడి తోడని అబద్ధం మాత్రం నా మొహం చూసే చెప్పావు."

వాడు తల వంచుకున్నాడు. మొహం తుడుచుకుని, "ఆదివారం అందరిముందూ నేనే చెప్తా. తాళంచెవి అక్కడే ఇచ్చేస్తా. నువ్వు పక్కన నిలబడు చాలు" అన్నాడు. వాడి తల మీద చెయ్యి పెట్టింది అక్క. అడ్డాలనాడు బిడ్డలుగానీ గడ్డాలనాడు బిడ్డలా అంటారు, పెంచిన ప్రాణానికి ఆ సామెత ఎక్కదు. మిగిలిన రెండురోజులూ తనే పిడుగును నడిపించుకుపోయి బడిలో దింపింది. మిగతా పిల్లల సంగతికి ఆదివారం ఎంతో దూరం లేదులే అనుకుంది. అక్కడ తప్పు ఆమెదే, అది కూడా చెప్పుకోవాలి.

ఆదివారం హాలు నిండుగా ఉంది. పంకాలు కిర్రుకిర్రుమంటున్నాయి. పాటలయ్యాక పాస్టరుగారు ఎప్పటిలాగే "ఎవరికైనా చెప్పుకోవలసింది ఉందా?" అన్నారు. అక్క లేచింది.

"నా తమ్ముడు ఒక మాట చెప్పాలనుకుంటున్నాడు."

చిన్నోడు లేచాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తాళంచెవి పిడికిట్లో ఉంది, దాని రింగు బయటికి కనబడుతోంది. హాలంతా వాడివైపు తిరిగింది. సాక్ష్యం వినబోతున్నామన్న సంతోషం అందరి మొహాల్లో ఉంది. వాడు ఆ మొహాల్ని చూశాడు. పాస్టరుగారిని చూశాడు. పాస్టరుగారు చిరునవ్వుతో, చాలా మెల్లగా తల అడ్డంగా ఊపారు.

చిన్నోడి పిడికిలి జేబులోకి పోయింది.

"అక్క మనసు ఇంకా కుదుటపడలేదండీ" అన్నాడు. "కాలు సలిపినప్పుడల్లా అక్కకు పాతవి గుర్తొస్తాయి. నామీద అనుమానం వస్తుంది. తప్పు పట్టడంలేదు నేను. అక్క నన్ను పూర్తిగా క్షమించగలిగేలా అందరూ అక్క కోసం ప్రార్థన చెయ్యండి."

అయ్యో అయ్యో అని పక్కావిడ అక్క చెయ్యి పట్టుకుంది. హాలంతా తలలు వంచింది. ఆమె కోసం, ఆమె గట్టి గుండె కోసం, ఆమె క్షమించలేనితనం కోసం అంతమంది కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. పాస్టరుగారు కూడా కళ్ళు మూసుకున్నారు. నిజం తెలిసినవాడికి ప్రార్థన ఎంత వీలైన చోటో! కళ్ళు తెరిచి ఉన్నది ఆమె ఒక్కతే. చిన్నోడు తనవైపు చూస్తాడేమోనని చూసింది. చూడలేదు. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది. కత్తి కూడా అక్కర్లేదు, అందరిచేతా ఆమేన్ అనిపిస్తే చాలు.

"మీకందరికీ ఒక సంగతి..." అని మొదలుపెట్టింది. ఒక పెద్దాయన వచ్చి, మర్యాదగానే, మోచెయ్యి పట్టుకుని వెనక బెంచీ దాకా తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. నీళ్ళు పోసిన సంగతి మళ్ళీ ఎత్తినవాళ్ళకు ఇక మాట లేదు. పద్ధతి అంటే పద్ధతే.

ఇంటికొచ్చి ఆమె అన్నం తినలేదు. కోపం కడుపునిండా ఉంది, ఇంకేం పడుతుంది? బండి మీద పడేసినందుకు క్షమించింది. పారిపోయినందుకు క్షమించింది. ఆ క్షమాపణనే మూటకట్టి తిరిగి మొహాన కొట్టాడే, దాన్ని ఏం చెయ్యాలి?

సోమవారం పొద్దున్న ఆమె పనికి పోలేదు. వ్యాను వచ్చే వేళకు వీధిలోకి వెళ్ళి, నలుగురు తల్లులు పిల్లల్ని పట్టుకుని నిలబడేచోట నడిరోడ్డుమీద నిలబడింది. పొట్టి కాలు ఒక పక్కకు ఒరిగిపోతోంది. వ్యాను మలుపు తిరిగింది. అందులో అప్పటికే సగం మంది పిల్లలున్నారు. చిన్నోడు హారను కొట్టాడు. ఆమె కదల్లేదు. మళ్ళీ కొట్టాడు. చివరికి బ్రేకు వేశాడు. వ్యాను ఆమె కొంగుకు తగిలేంత దగ్గరగా వచ్చి ఆగింది. తల్లులు కెవ్వుమన్నారు.

వాడు కిటికీలోంచి తల బయట పెట్టాడు. "అక్కా, నలుగురిలో పరువు తియ్యకు. తప్పుకో."

"దిగు."

"నిన్న అంతమంది ప్రార్థన చేశారు నీకోసం. ఇంకా నన్ను క్షమించలేవా?"

"క్షమించానురా!" అక్క గొంతు వీధి చివరిదాకా వినబడింది. "నీళ్ళు పోసిననాడే క్షమించాను. ఆ మాట వెనక్కి తీసుకోను, నువ్వెన్నిసార్లు నా మొహాన కొట్టినా తీసుకోను. క్షమించాను కాబట్టే వచ్చి నిలబడ్డాను. లేకపోతే నువ్వు ఏ గోడకు గుద్దుకుంటే నాకేమని ఇంట్లో కూర్చునేదాన్ని. నీకు పూచీ పడింది నేను. ఈ పిల్లల్ని ఎక్కించింది నేను. దిగు!"

వాడు తలుపు తీసి దిగాడు. దిగుతుంటే మోకాలు మడత పడింది. పడిపోకుండా పక్క అద్దం పట్టుకున్నాడు. గాలి ఇటే వీస్తోంది. లవంగం వాసనా, దాని కింద వాసనా తల్లులందరికీ కొట్టాయి. ఒకావిడ వెళ్ళి వ్యాను వెనక తలుపు తీసి పిల్లల్ని దించడం మొదలుపెట్టింది. మిగతావాళ్ళూ వెళ్ళారు.

అక్క చెయ్యి చాపింది. వాడు తాళంచెవి పెట్టాడు. పెట్టి ఆమె మొహం చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఒరే, వద్దురా" అంది అక్క.

వాడు వెనక్కి తిరిగి పరిగెత్తాడు. అదే చెప్పుల చప్పుడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఏమీ మారలేదు, అదే చప్పుడు. అక్క నడిరోడ్డుమీద చెవులు మూసుకుంది.

ఆ పిల్లలందరినీ తల్లులతో కలిసి నడిపించుకుంటూ బడికి చేర్చి, తాళంచెవి తీసుకెళ్ళి పాస్టరుగారి బల్లమీద పెట్టింది. "శనివారాలు మళ్ళీ మొదలుపెట్టండి అయ్యగారూ" అంది. ఆయన తాళంచెవి మాత్రం తీసుకున్నారు. తర్వాత ఇంకో డ్రైవరును పెట్టారు. సాక్ష్యం తమ్ముడు సువార్త పనిమీద దూరం వెళ్ళాడని హాల్లో చెప్పారు. అక్కకు వెనక బెంచీ మాత్రం అలాగే ఉంది. ఇప్పటికీ ఆమె పాడకూడదు.

అదంతా తర్వాతి మాట. ఆ రాత్రి ఆమె ఒకటే అనుకుంది, వాడిక రాడు. మొదటిసారి పారిపోయినప్పుడు నెలలు పట్టింది, అదీ ఒకరు వెతికి తెస్తే వచ్చాడు. ఈసారి వెతికేవాళ్ళు కూడా లేరు.

మర్నాడు పొద్దున్న ఆమె గది తలుపు తాళం తీసి, ఒక ముసలాయన్ను గొట్టాల మధ్య నిలబెడుతుండగా గుమ్మంలో నీడ పడింది. చిన్నోడు. చొక్కా నలిగిపోయింది, కళ్ళు ఉబ్బిపోయాయి. ఎవరూ వెంటరాలేదు. లోపలికి అడుగు పెట్టకుండా తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

అక్క ఒరుగుతూ వాడి దగ్గరకు వెళ్ళింది. వాడు ఏదో చెప్పబోయాడు.

"మాట్లాడకు. నోరు తెరు" అంది.

వాడు తెరిచాడు. ఆమె దగ్గరగా వంగి వాసన చూసింది. లవంగం. అప్పుడామెకు ఎంత కోపం వచ్చిందంటే, చెంపమీద కొట్టడానికి చెయ్యి లేచింది. వాడు తప్పుకోలేదు. వేలు నోట్లో పెట్టి దవడ కిందనుంచి లవంగం తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

"రాత్రి తాగానక్కా" అన్నాడు.

వాడు ఆమెతో నిజం చెప్పడం ఆమె అడక్కుండా ఇదే మొదటిసారి. ఆమె చెయ్యి దించింది.

"నన్ను క్షమించావా అక్కా?"

"క్షమించాను."

"నమ్ముతావా?"

"నమ్మను" అంది అక్క. "అది వేరు, ఇది వేరు. రేపు పొద్దున్నే రా. ఆ లవంగం లేకుండా రా."

"రేపు కూడా వాసన చూస్తావా?"

లోపల గొట్టం పట్టుకుని నిలబడ్డ ముసలాయన "కాళ్ళు వణుకుతున్నాయి తల్లీ, ఎంతసేపు?" అని కేకేశాడు.

"చూస్తాను. ఎల్లుండి కూడా చూస్తాను" అని చెప్పి, ఆమె గదిలోకి తిరిగి, "ఇంకొక్కటి" అంది.